ఆట మొదలయ్యేలోపే

ముందు కుర్చీ కిర్రుమంటుంది. ఆ వెనకే మౌస్ ఒక్కసారి టక్కుమంటుంది. అప్పుడు చెక్క అడ్డుగోడ అవతల ఎవరో నవ్వుతారు: "దిగిపోయాడ్రోయ్, మళ్ళీ దిగిపోయాడు!"

కౌంటర్ దగ్గర నేను తల ఎత్తి చూస్తే గ్రోజ్దాన్. నలభై దాటిన మనిషి. పగలంతా మా ఊరు ఒర్యాహొవొ రేవులో, డాన్యూబ్ నది దాటించే బల్లకట్టుకు మోకులు కట్టి విప్పుతాడు. సాయంత్రం నది వాసనను చొక్కాలో మోసుకుంటూ మా గేమింగ్ సెంటర్‌కు వస్తాడు. పక్క కుర్చీలో చెల్లెలు బిలియానా. ఆమె మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఇద్దరి మధ్యా పొద్దుతిరుగుడు గింజల పొట్లం.

వాళ్ళాడే ఆటలో అయిదుగురు ఒక జట్టు. జతగా వచ్చిన వీళ్ళిద్దరికీ ఆటే ముగ్గురు అపరిచితులను చేరుస్తుంది. యుద్ధానికి ముందు, ఎవరికి వారు తమ వీరుణ్ణి ఎంచుకునే కాస్త వ్యవధి ఉంటుంది. అప్పుడు ఎవరైనా వెళ్ళిపోతే ఆ ఆట చెదిరిపోతుంది. మిగిలినవాళ్ళకు నష్టం లేదు. వెళ్ళినవాడికి మాత్రం పాయింట్లు పోతాయి, కాసేపు మళ్ళీ ఆడనివ్వదు.

ఆ వ్యవధిలో తెర మూలన పడే మాటలను గ్రోజ్దాన్ మబ్బును చూసినట్టు చూస్తాడు. ఒకడి మాటలో విసుగు. ఇంకొకడి మౌనంలో అలక. వాన తప్పదనిపిస్తే వెళ్ళిపోతాడు, చెల్లెలు తడవకముందే. అలా ఆట శ్రేణుల్లో ఆమె పైకెక్కుతూ పోయింది. అతను మెట్టు తర్వాత మెట్టు దిగుతూ పోయాడు.

"ఒరేయ్, నీకు పెళ్ళెందుకు కాలేదో ఇప్పుడర్థమైందిరా," అనేవాడు వెనక వరుసలో టాక్సీ డ్రైవర్ వెలిన్. "చర్చి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చుంటావ్!"

"నీ పెళ్ళి చూశాకే ఆ తెలివొచ్చింది లేరా."

సీజన్ ఆఖరి సాయంత్రం. ఇంకొక్క ఆట గెలిస్తే బిలియానా పై శ్రేణిలో చేరుతుంది. ఆ శ్రేణిలో ఉన్నవాళ్ళనే రాజధాని సోఫియాలోని ఒక ప్రొఫెషనల్ జట్టు పరీక్షకు పిలుస్తానంది. ఆమె గింజలు ముట్టలేదు.

ముగ్గురు కొత్తవాళ్ళు చేరారు. వాళ్ళలో ఇద్దరు ఒకే స్థానం కోసం తగువుపడ్డారు. 'నాకివ్వకపోతే కావాలనే ఓడగొడతా' అని రాశాడొకడు.

గ్రోజ్దాన్ చెయ్యి కదిలింది. బిలియానా ఆ చేతిని పట్టుకుంది.

"వద్దన్నయ్యా. ఇప్పుడు నువ్వెళ్తే కింది శ్రేణికి పడిపోతావ్. శ్రేణుల్లో అంత తేడా వస్తే ఇక మనిద్దర్నీ జతగా ఆడనివ్వదు."

"తెలుసే."

"తెలిసీ వెళ్తావా? నేనొక్కదాన్నే ఎప్పుడాడాను? వాణ్ణి బతిమాలదాం. ఓడితే ఓడదాం, కూర్చో."

"నిన్ను ఓడగొడతానని వాడు ముందే చెప్పాడు కదా. ఇంకేం బతిమాలతావ్?"

కుర్చీ కిర్రుమంది. తెర ఖాళీ అయింది.

"పిరికోడివి," అంది ఆమె. "నాకోసం అంటావ్ గానీ, నేను ఓడిపోతుంటే పక్కన కూర్చుని చూడలేక పారిపోతావ్."

వెలిన్ కూడా నవ్వలేదు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంది. ఒంటరిగా ఆటను వెతుకుతోంది. తెర వెలుతురు ఆమె ముఖం మీద నీలంగా, తర్వాత తెల్లగా మారింది. నలుగురు కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళేం రాశారో చదవడానికి గ్రోజ్దాన్ వంగాడు. ఆమె భుజం అడ్డం పెట్టింది.

అతను తలుపు తోసుకుని బయటికి వెళ్ళాడు. రెండు కాఫీలు పట్టుకుని నేనూ వెళ్ళాను. నది మీద ఇంకా కాస్త ఎరుపు మిగిలి ఉంది. అవతలి ఒడ్డున రొమేనియా దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. లోపల ఆట మొదలైన సంగీతం గోడలోంచి సన్నగా వినిపించింది. ఈసారి ఎవరూ వెళ్ళిపోలేదన్నమాట.

అతను గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు, తాగలేదు.

"చూసొచ్చి చెప్పనా?" అన్నాను.

"వద్దు. గెలిచినా ఓడినా నువ్వు చెప్పకు. అదే వచ్చి చెప్పాలి."