తాతగారి నూనెసీసా

ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా కనకాలపేటలో పక్కింటి తాతగారు ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చారు. ఓడిపోయిన జర్మనీలో ఫ్రెంచివాళ్లు ఒక ఫ్యాక్టరీని పట్టుకుని, మిగిలిన సామానుతో కొన్నాళ్లు చేయించిన బూడిదరంగు పిస్తోళ్లంటే ఆయనకు పిచ్చి. ఎంత వెతికినా ఆయనకు దొరికినవి రెండే. ఆదివారం చర్చి నుంచి రాగానే వాటికి నూనె రాసేవారు. ఇక్కడి ఉప్పుగాలిని ఆయన ఎన్నడూ నమ్మలేదు.

ఎన్నికలొస్తే లైసెన్సున్న ఆయుధాలన్నీ స్టేషన్లో అప్పగించాలి. మొన్నటి ఎన్నికలకు అలాగే ఇచ్చారు. ఈలోగా లైసెన్సు గడువు తీరింది. వయసు మీరిందని కొత్త లైసెన్సు ఇవ్వలేదు; పిస్తోళ్లు స్టేషన్లోనే ఉండిపోయాయి. అయినా ఆదివారం కాగానే నూనెసీసా, పాతగుడ్డ పట్టుకుని స్టేషన్‌కి వెళ్లేవారు.

"నాకివ్వొద్దు బాబూ. నూనె రాసి మీకే ఇచ్చేత్తాను."

"రూల్సొప్పుకోవండి తాతగారూ," అనేవాడు స్టేషన్లో రాతకోతలు చూసే రైటరు.

వరదలు తగ్గాక ఒక ఆదివారం నేనూ తోడు వెళ్లాను. కొత్తగా వచ్చిన ఎస్సై జాలిపడి పిస్తోళ్లున్న గోనెసంచి తెప్పించారు. నీళ్లలో నాని, రెండు పిస్తోళ్లూ ఎర్రటి తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

తాతగారు వాటిని ముట్టుకోలేదు. సీసా మూత తీసి, ఎస్సై నడుముకున్న పిస్తోలు వైపు చూశారు.

"పోనీ, దానికైనా కాత్త రాయమంటారాండీ?"