ప్రాగ్‌లో చర్చి గుమ్మం బయట వదిలిన తోలు సంచి

మా అమ్మాయి స్రవంతి గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. ఆఫీసు పని మీద తనను చెక్ దేశంలోని ప్రాగ్ నగరానికి పంపించినప్పుడు, "గది ఎలాగూ ఇచ్చారు, చివరి వారం నువ్వూ రా అమ్మా" అంది. పగలంతా భాష తెలియని ఊళ్లో ఒక్కదాన్నే ఎలా ఉంటానని భయమేసి, హఫీజ్‌పేట్‌లో మా ఎదురింటి సుజాతక్కను బతిమాలి వెంటబెట్టుకున్నాను. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. మేము దుబాయ్‌లో మారి వెళ్లాం.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఊరు చూడడానికి బయలుదేరాం. స్రవంతి ముగ్గురి పాస్‌పోర్టులూ తన తోలు సంచిలో పెట్టి నా భుజానికి తగిలించి, "దీన్ని వదలకు" అని చెప్పి ఆఫీసుకు వెళ్లింది. ఒక రోజు పాస్ మన డబ్బులో ఐదారు వందలు. ట్రామ్, మెట్రో రెండూ ఎక్కవచ్చు. మెట్రోలో ఎస్కలేటర్ బావిలోకి దిగినట్టు ఉంటుంది. నేను కళ్లు మూసుకుని కవచం చదువుకుంటూ దిగాను. "గింత భయపడేదానివి ఇంట్లనే ఉండకపోయినవా చెల్లె" అని సుజాతక్క నవ్వారు.

పొద్దున్నే ఇరవై రెండో నంబరు ట్రామ్‌లో కోట దగ్గర దిగితే ఎక్కే శ్రమ ఉండదు. కోట చూసుకుని, దిగువకు నడిచి, రాతి విగ్రహాలున్న చార్లెస్ వంతెన దాటితే పాత చౌరస్తా వస్తుంది. అక్కడి పెద్ద గడియారం గంట కొట్టేటప్పుడు ఒక అస్థిపంజరం బొమ్మ చేతిలోని గంట మోగిస్తుంది. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

మనసు కుదుటపడుతుందని దగ్గరలో ఉన్న ఒక చర్చికి వెళ్లాం. ఏ దేవుడి ఇల్లయినా దేవుడి ఇల్లే కదా. తోలుతో లోపలికి ఎలా వెళ్లడమని బూట్లు గుమ్మం పక్కన విడిచాను. సంచి కూడా తోలుదే.

"నువ్వు పో, నేను జూస్త ఉంట" అన్నారు సుజాతక్క.

నేను లోపల దణ్ణం పెట్టుకుంటుండగానే ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు.

"సంచి ఏదక్కా?"

"బయట చలి సంపుతుంది చెల్లె. దేవుని ముంగట ఎవడెత్కపోతడు?"

నేను లేచేలోపే ఎవరో వచ్చి లోపలున్న అందరినీ పక్క ద్వారం నుంచి బయటకు పంపేశారు. మేజోళ్లతో చుట్టూ తిరిగి వచ్చేసరికి గుమ్మం ముందు తాడు కట్టి ఉంది. పోలీసులు జనాన్ని దూరంగా నెడుతున్నారు. ఖాళీ రాళ్ల మీద మా సంచి, నా బూట్లు మాత్రమే ఉన్నాయి. ఒక తల్లి పిల్లను ఎత్తుకుని పరుగెత్తింది.

"మనది గాదన్నట్టు పోదాం పా" అన్నారు సుజాతక్క నా చెయ్యి పట్టుకుని.

"పాస్‌పోర్టులు అందులోనే ఉన్నాయక్కా."

బాంబనుకుని దాన్ని పేల్చేస్తారేమో, రేపు విమానం ఎలా ఎక్కుతాం, అమ్మాయి ఉద్యోగం ఏమవుతుంది అని భయమేసింది. అయినా తాడు దగ్గరకు వెళ్లి ఒక మహిళా పోలీసుకు సంచిని చూపించి, అది నాదేనని సైగ చేశాను. ఆమె ఫోన్‌లో మాట్లాడితే అది తెలుగులో పలికింది: "మీరు సంచిని ఎందుకు విడిచిపెట్టారు?"

"తోలుది, గుడిలోకి తేకూడదు" అన్నాను. ఫోన్ అది ఆమె భాషలో చెప్పింది. ఆమెకు అర్థమైనట్టు లేదు.

లోపల ఏముందో అడిగి, నన్ను తాడు బయటే నిలబెట్టి, వాళ్లే సంచి తెరిచారు. పాస్‌పోర్టులు, అటుకుల పొట్లం, చివరికి విభూతి పొట్లం వచ్చాయి. తెల్లని పొడి చూసి ఆమె ముఖం మారిపోయింది. ఆ పొట్లం ఇమ్మని సైగ చేశాను. ఆమె కాసేపు ఆలోచించి అందించింది. కొంచెం తీసి నుదుట పెట్టుకున్నాను, కొంచెం నోట్లో వేసుకున్నాను. అది చూసి ఆమె తాడు విప్పమని అవతలివాళ్లకు చెప్పి, సంచి నా చేతికిచ్చింది.

ఆ వారమంతా ఆ ఊరిని చూసి భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. పిల్లను ఎత్తుకుని పరుగెత్తిన ఆ తల్లి భయపడింది నా సంచిని చూసి. గదికి వచ్చాక ముందుగా ఆమె కోసమే దణ్ణం పెట్టుకున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పాస్‌పోర్టులు గుడ్డ సంచిలో పెట్టి మెడలో వేసుకోండి. అది ఏ గుడిలోకైనా మీతో వస్తుంది.