అవతలి కొస ఎవరి దగ్గర?

మా సి-7 బ్లాకు ఐదో అంతస్తులో ఉండే పాంతెలిమోన్ వ్రాబియె గారికి ఎక్కడ తీగ కనబడినా, దాని అవతలి కొస ఎవరి దగ్గరుందో తేలితే తప్ప మొక్కజొన్న సంకటి ముద్ద గొంతు దిగేది కాదు.

ఇస్త్రీ పెట్టె తీగ, లిఫ్టు తీగ, పక్కింటి కుక్కని కట్టేసిన గొలుసు, ఆయనకి ఏదైనా ఒకటే. "దీని అవతలి కొస ఎవరి దగ్గరుంది?" అని అడిగేవారు. జవాబు వచ్చేదాకా అక్కణ్ణించి కదిలేవారు కాదు. మా భాషలో వ్రాబియె అంటే పిచ్చుక. మనిషీ అలాగే ఉండేవారు. పిడికెడు ఒళ్ళు, గోధుమరంగు కోటు, క్షణం నిలకడలేని మెడ. దాన్యూబ్ ఒడ్డున ఉన్న మా ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవయ్యేడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. "పాపం, అన్నేళ్ళు తీగలకి ముళ్ళు వేసీ వేసీ బుర్రలో కూడా ఒకటి పడిపోయింది" అనేది మా అమ్మ. నేనూ అదే నమ్మాను.

నా పెళ్ళిలో జరిగింది చెబుతాను. విందు మంచి ఊపులో ఉంది. వేదిక మీద పాటగత్తె మైకు పట్టుకుని గొంతెత్తింది. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నారు. ఉన్నట్టుండి పెళ్ళిపెద్ద భార్య కెవ్వుమంది. బల్ల కింద నుంచి వ్రాబియె గారి తల బయటికి వచ్చింది. చేతిలో మైకు తీగ ఉంది.

"ఏం బాబాయ్, బూటు పోయిందా?" అన్నాను, పెళ్ళి ముసుగు పైకెత్తి.

"బూట్లున్నాయమ్మా స్మరాందా. ఆవిడ పాట ఎక్కడికి పోతోందో చూస్తున్నాను."

"మా చెవుల్లోకి పోతోంది."

"అలా అని నువ్వనుకుంటున్నావు. మధ్యలో ఓ పెట్టె ఉంది."

మళ్ళీ బల్ల కిందికి దూరి, పదకొండు మంది అతిథుల కాళ్ళ మధ్య నుంచి పాకి, ఆ పెట్టె దాకా వెళ్ళి, దాని పక్కన కూర్చున్న మనిషి పేరూ ఊరూ కనుక్కుని తిరిగొచ్చారు. అప్పుడు తృప్తిగా రెండు గ్లాసుల ప్లమ్ సారా తాగి, పెళ్ళిపెద్ద భార్యతోనే నాట్యం చేశారు.

చర్చిలో మైకు పెట్టినప్పుడు మరీ విడ్డూరం. పూజ మధ్యలో తీగ వెంబడి నడుచుకుంటూ, గురువులు తప్ప ఎవరూ వెళ్ళకూడని తెర వెనక్కి వెళ్ళిపోయారు. ఫాదర్ సోఫ్రోనియె పాట ఆపేశారు.

"పాంతెలిమోన్, నా మాటలు దేవుడి దగ్గరికే పోతున్నాయి. నువ్వు బయటికి నడు."

"దేవుడి దగ్గరికి తీగ లేకుండానే పోతాయి కదండీ. మరి ఇదెందుకు?"

ఫాదర్ ఆ ప్రశ్న మీద మూడు ఆదివారాలు ఆలోచించారు. ఆ మూడు ఆదివారాలూ మైకు లేకుండానే పూజ జరిగింది. వెనక వరసలో ముసలమ్మలు హాయిగా కునుకు తీశారు.

తొంభై తొమ్మిదిలో మా ఆయన సెవెర్ ఓడల కార్ఖానాలో పారేస్తున్న పాత కంప్యూటరు ఒకటి ఇంటికి మోసుకొచ్చాడు. అప్పట్లో ఇంటర్నెట్టు అంటే టెలిఫోను తీగలోంచి చుక్కచుక్కగా కారేది. ఆ చుక్కలకి బిల్లు మాత్రం ధారగా వచ్చేది. ఎదురుగా సి-9లో సెవెర్ తోటి ఉద్యోగి నెగురా దగ్గర ఇంకో కంప్యూటరుంది. ఇద్దరూ కలిసి మా బాల్కనీ నుంచి వాళ్ళ బాల్కనీకి తీగ లాగారు. ఊరితో, దేశంతో పని లేకుండా రెండు పెట్టెలూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. మర్నాడే తలుపు చప్పుడయింది.

"మీ బాల్కనీ తీగ. దాని అవతలి కొస ఎవరి దగ్గరుంది?"

"సి-9లో, మా నెగురా ఇంట్లో బాబాయ్" అన్నాడు సెవెర్.

"చూశావా?"

"నా చేత్తో నేనే బిగించి వచ్చాను."

"అతను నీ కొస చూశాడా?"

"ఇక్కడే కూర్చుని కాఫీ తాగి వెళ్ళాడు."

ఆయన మొహం అలా విప్పారడం నేను అంతకు ముందు చూడలేదు. "ఇన్నేళ్ళకి ఒక మర్యాదైన తీగ చూశాను" అన్నారు. బాల్కనీలోకి వెళ్ళి, సెవెర్ వేసిన ముడి విప్పేసి, గాలికి ఊడని ముడి తనే వేశారు.

అక్కణ్ణించి ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. రెండేళ్ళలో మా పేటలో పద్నాలుగు బ్లాకుల మీద తీగలు పాకాయి. ఆదివారం మధ్యాహ్నం తలెత్తి చూస్తే ఏదో ఒక డాబా అంచున గోధుమరంగు కోటు కనబడేది. ఆయన పెట్టిన నియమాలు రెండే. కొత్తగా తీగ కావాలన్నవాళ్ళు అవతలి కొస ఉన్నవాళ్ళింట్లో కూర్చుని కాఫీ తాగాలి. రెండోది, నడిమధ్య గది అంటూ ఉండకూడదు.

"నడిమధ్య ఒక గది ఉంటే దానికో తాళం ఉంటుంది. ఆ తాళంచెవి ఒకడి జేబులో ఉంటుంది. ఆ జేబు మనది కాదు" అనేవారు.

మొదటి నియమం వల్ల, ఊరేసిన క్యాబేజీ పీపా ఒలికిన తగాదాలో తొమ్మిదేళ్ళుగా మొహాలు చూసుకోని ఇద్దరు అన్నదమ్ములు ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. రెండో నియమం వల్ల కబుర్లు ఇంటింటికీ తిరిగి గానీ చేరేవి కావు. పై అంతస్తు వాళ్ళని చిటికెడు ఉప్పు అడిగితే, నా కబురు ఆరు బ్లాకులు చుట్టి వచ్చేది. ఈలోగా నేను మెట్లెక్కి ఉప్పు తెచ్చుకుని, సూపు దించి, గిన్నెలు కడిగేదాన్ని. అప్పుడు కబురు చేరిందని గంట మోగేది. అయినా అందులో ఏమి లేవు? వంటలు, పాత సినిమాలు, ఎవరింట్లో పిల్లులు పుట్టాయో, ఏ బ్లాకులో వేడినీళ్ళు వస్తున్నాయో. మాకు అదే చాలినంత ప్రపంచం.

ఇదంతా గిట్టని మనిషి మా బ్లాకు సంఘం ప్రెసిడెంటు కొరియొలాన్ గారు. బట్టతల, బంగారు రంగు బొత్తాల కోటు, ప్రతి మాటకీ ముందు ఓ దగ్గు.

"ఆకాశం కనబడటం లేదండీ వ్రాబియె గారూ."

"ఆకాశానికి రెండో కొస లేదు కదండీ ప్రెసిడెంటు గారూ. చూసి ఏం చేస్తారు?"

రెండు వేల రెండు వసంతంలో రాజధాని బుఖారెస్టు నుంచి ఓ కంపెనీ వచ్చింది. పేట మొత్తానికి వేగమైన ఇంటర్నెట్టు ఇస్తామంది. షరతు ఒక్కటే. మా తీగలన్నీ పీకేయాలి. కబుర్లన్నీ మా బ్లాకు నేలమాళిగలో పెట్టే ఒకే ఒక్క పెట్టెలోంచి పోవాలి. ప్రెసిడెంటు గారు శనివారం మధ్యాహ్నం బట్టలారేసే గదిలో మీటింగు పెట్టారు. తడి దుప్పట్ల మధ్య నిలబడి కంపెనీ ఏజెంటు కాగితాలు పంచాడు. చాలామంది అప్పుడే పెన్నులు తీశారు. అబద్ధం ఎందుకు, నేనూ తీశాను. వేగం అంటే ఎవరికి చేదు?

వెనక నుంచి చిన్న గొంతు వినబడింది. "బాబూ, ఆ పెట్టె తీగ అవతలి కొస ఎవరి దగ్గరుంటుంది?"

గదంతా నవ్వింది. ఏజెంటు కూడా మర్యాదగా నవ్వాడు. "మా దగ్గరే తాతగారూ. భద్రంగా ఉంటుంది."

"భద్రంగా ఉంచడం నాకూ తెలుసు బాబూ. ఇరవయ్యేడేళ్ళు నేనూ ఉంచాను."

నవ్వు ఇంకా పెద్దదయింది. అప్పుడు రెండో అంతస్తు జెనోవియా టీచరు గారు కుర్చీలోంచి లేచారు. లాటిన్ చెప్పి రిటైరయిన మనిషి. మీటింగుల్లో ఎప్పుడూ నోరు విప్పరు.

"పోయిన వారం నేను బుఖారెస్టు వెళ్ళాను" అన్నారు. "పాత రాజ్యంలో రహస్య పోలీసులు మన మీద రాసిన ఫైళ్ళు ఇప్పుడు చూపిస్తున్నారు కదా. నాది చూశాను. ఎనభై మూడు నవంబరు తొమ్మిది దాకా ఫోనులో నేనన్న ప్రతి ముక్కా రాసి ఉంది. వియన్నాలో ఉన్న మా తమ్ముడి సంగతి, నాకు ఎవరెవరు ఏ పుస్తకాలిచ్చిందీ. ఆ తర్వాత ఒట్టి క్యాబేజీ."

"క్యాబేజీ ఏమిటండీ?" అన్నాడు సెవెర్.

"ఊరేసే విధానం. నాలుగు వందల పేజీలు. విన్నవాడెవరో ఒకచోట పక్కన రాసుకున్నాడు పాపం, 'ఈమె ఉప్పు ఎక్కువ వేస్తోంది' అని."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"తొమ్మిదో తారీకున నేను గుడ్ల కోసం క్యూలో ఉన్నాను. ఈయన నలభై మంది ముందు నా దగ్గరికొచ్చి అడిగారు, 'టీచరమ్మా, మీ ఫోను తీగ అవతలి కొస ఎవరి దగ్గరుందో ఎప్పుడైనా చూశారా' అని. క్యూ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక నవ్వు రాలేదు. ఎక్స్ఛేంజిలో పనిచేసే మనిషి ఊరికే అడుగుతాడా అనిపించింది. ఆ సాయంత్రం నుంచే క్యాబేజీ."

మంగలి ఇయొర్గు లేచి, "నన్నూ అడిగారు. ఎనభై ఆరులో. గడ్డం గీస్తుంటే" అన్నాడు. ఇంకొకరు లేచారు. ఇంకొకరు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నాన్నకి ఫోనులో దేశాధినేత మీద జోకులు చెప్పే జబ్బుండేది. ఒకరోజు ఇంటికొచ్చి, "ఆ పిచ్చి పిచ్చుక ఇవాళ నన్ను ఫోను తీగ గురించి అడిగాడే" అని నవ్వాడు. నవ్వుతూనే దిండు తెచ్చి ఫోను మీద పెట్టాడు. ఆ జోకులు ఇక మా వంటింట్లోనే చెప్పాడు. పక్క వీధిలో అలాంటి జోకు ఫోనులో చెప్పినాయన రెండేళ్ళు ఇంటికి రాలేదు.

"మరి ఇస్త్రీ పెట్టెలూ కుక్క గొలుసులూ ఎందుకు బాబాయ్?" అని అడిగాను.

వ్రాబియె గారు కోటు బొత్తాం తిప్పుకుంటూ నిలబడ్డారు. "ఎక్స్ఛేంజిలో తాళం వేసిన గది ఒకటుండేదమ్మా. ఎవరి తీగ అందులోకి పోతోందో నాకు కనబడేది. ఒక్క ఫోన్ల గురించే అడిగితే మూడో రోజుకి నన్ను తీసుకుపోయేవాళ్ళు. అందర్నీ అన్నిటి గురించీ అడిగితే పిచ్చివాడని వదిలేశారు. పిచ్చివాడికి చాలా సౌకర్యం ఉంటుంది."

"ఎనభై తొమ్మిదిలో ఆ రాజ్యం పోయింది కదా. ఆ తర్వాత కూడా ఎందుకు?"

"అలవాటైపోయింది. పైగా అడిగితే జనం కూర్చోమని కాఫీ ఇస్తారు."

అప్పుడు ప్రెసిడెంటు గారు దగ్గారు. "వ్రాబియె గారూ. మీరు నన్ను ఇస్త్రీ పెట్టె గురించి అడిగారు. ఫ్రిజ్ గురించి అడిగారు. ఫోను గురించి ఒక్కసారి కూడా అడగలేదు."

"అడగలేదండీ."

"అంటే నా ఫోను ఎవరూ వినలేదా?"

"లేదండీ."

"పదిహేనేళ్ళు గుసగుసగా మాట్లాడానండీ. కుళాయి తిప్పి పెట్టి మరీ మాట్లాడాను."

"మీ మాటలు వినడానికి ఎవణ్ణైనా పెట్టినా వారంలో రాజీనామా చేసేవాడు" అన్నాడు సెవెర్. గది గొల్లుమంది. వ్రాబియె గారు నవ్వలేదు. ప్రెసిడెంటు గారి మొహం వంకే చూస్తూ ఉండిపోయారు.

పెన్నులు జేబుల్లోకి వెళ్ళాయి. కంపెనీ పెట్టె పెట్టుకోవచ్చు, మా తీగలు మాత్రం ఉంటాయి అని తీర్మానం రాశాం. ఏజెంటు ఫోను చేసి వాళ్ళ పైవాళ్ళని అడిగి, చివరికి సరేనన్నాడు. వేగం వచ్చింది. అందరం వాడాం. అయినా పిల్లులు పుట్టిన కబుర్లు మాత్రం చాలా ఏళ్ళు మా తీగల మీదే నడిచాయి. తర్వాత ఊరు అందంగా ఉండాలని మునిసిపాలిటీ వాళ్ళు నిచ్చెనలతో వచ్చి ఒక్కొక్కటే కోసేశారు. ఇప్పుడు అందరి జేబుల్లోనూ తీగ లేని ఫోనుంది. నా మాట ఏ సముద్రం కింద నుంచి, ఎవరి గదుల్లోంచి పోతోందో నాకు తెలియదు. కాఫీకి ఎవర్ని పిలవాలో అసలే తెలియదు.

ఆ మీటింగు మర్నాడు జరిగిన సంగతి ఇంకోటుంది. మధ్యాహ్నం నేను డాబా మీద దుప్పట్లు దులుపుతున్నాను. వ్రాబియె గారు పొగగొట్టం పక్కన తీగ బిగిస్తున్నారు. కొరియొలాన్ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. చంకలో తువ్వాలులో చుట్టిన టెలిఫోను.

"ఓసారి చూడండి. ఎందుకైనా మంచిదని."

వ్రాబియె గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఫోను తిరగేసి నాలుగు మరలు విప్పారు. ఒక్కొక్క మరనీ ఎండకి పట్టి చూశారు. అంత సేపు ఏ డాక్టరూ నన్ను పరీక్షించలేదు.

"ఇదిగో" అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "ఈ మర చుట్టూ గీత చూశారా? ఎవరో విప్పారు."

"విప్పారా?" ప్రెసిడెంటు గారు దగ్గడం మరిచిపోయారు. "మరి మీకు తెలియదా?"

"అందరి సంగతీ నాకు తెలిసేది. మరీ ముఖ్యమైన వాళ్ళకైతే బుఖారెస్టు నుంచే మనుషులొచ్చేవాళ్ళు. మాకు చెప్పేవాళ్ళు కాదు."

"మరీ ముఖ్యమైన వాళ్ళకి."

"ఆఁ."

కొరియొలాన్ గారు ఫోను రెండు చేతులా ఎత్తుకుని, లిఫ్టు ఊసే తలవకుండా, ఐదంతస్తులూ దిగి వెళ్ళారు. ప్రతి అంతస్తులోనూ తలుపు తట్టిన చప్పుడూ, దగ్గూ, "బుఖారెస్టు నుంచే వచ్చారటండీ" అన్న మాటా మాకు పైకి వినబడుతూనే ఉన్నాయి.

"నిజమేనా బాబాయ్? ఆయన మాటలు కూడా విన్నారా?" అన్నాను.

వ్రాబియె గారు కళ్ళజోడు తుడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆ ఫోను అడుగున తయారైన సంవత్సరం రాసుందమ్మా. తొంభై నాలుగు. ఆ దుప్పటి కొస కాస్త ఇటు పట్టుకో, తీగకి తగులుతోంది."