ఊపిరి పీల్చినచోట చిల్లు

ఆ మధ్యాహ్నం మా అత్తావాళ్ళ రైల్వే క్వార్టర్ ముందుగదిలో ఉన్నవాళ్ళం ముగ్గురం: మావయ్య, నేను, ఊరికి అటుచివర తోర్వా నుంచి స్కూటీ మీద వచ్చిన, మేమంతా దీదీ అని పిలిచే ఆవిడ. ఉన్న వస్తువులు: తాళ్ళతో కట్టిన రెండు ఇనప్పెట్టెలు, దుప్పటిలో చుట్టిన తంబూరా, తలుపు తెరిచి ఆరబెట్టిన ఖాళీ ఫ్రిజ్, దానిమీంచి తీసిన తెల్లటి అల్లిక గుడ్డ, స్టీలు డబ్బాలో క్రోషియా సూదులు, సగం అల్లిన గుమ్మం తెర. లేనిది మా అత్త. అంతకుముందటి వానల్లో పోయింది. మావయ్య లోకో పైలట్‌గా రిటైరయ్యాడు, క్వార్టర్ అప్పగించాలి, ఊరి ఇంకోవైపు తిఫ్రాలో కట్టుకున్న ఇంట్లోకి మారాలి. ఆ ఇంటికి శ్లాబు వేసినప్పుడు అత్త వీధిగుమ్మం కోసమని ఈ తెర మొదలుపెట్టింది. గృహప్రవేశం నాటికి అది పూర్తయి గుమ్మానికి వేలాడాలని మావయ్య పట్టు. అందుకే అత్త ఆఖరి శిష్యురాలైన దీదీకి ఫోన్ చేశాడు. ఫోన్ చేయించింది నా చేత. నేను సిగ్నల్ విభాగంలో జూనియర్ ఇంజనీరుని. మా కుటుంబంలో ఎవరికి ఏ పని మిగిలిపోయినా అది నా డ్యూటీయే.

అత్త మా నాన్నకి అక్క. శాస్త్రీయ సంగీతం ఆమెకి పుట్టింటినుంచి వచ్చింది, క్రోషియా మాత్రం అత్తింట్లో ఒంటరితనంలోంచి వచ్చింది. మావయ్య ఇంజనెక్కి వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియని రోజుల్లో చేతికేదో పని కావాలని దారం పట్టుకుందట. ఆమె కచేరీలు మా తెలుగువాళ్ళ రైల్వే ఊళ్ళ దారినే సాగాయి: ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, నాగ్‌పూర్, ఇక్కడ మా కాలనీలో శ్రీరామనవమి పందిరి. ఏ ఊరికి పాడటానికి వెళ్ళినా సంచిలో దారపుండ ఉండేది. తిరుగుబండిలో ఒక కొత్త డిజైన్ పుట్టేది. ఇంట్లో ఆమె అల్లిక తొడగని వస్తువు లేదు: టీవీ, రేడియో, కుక్కర్ మూత, ఆఖరికి మావయ్య డ్యూటీకి తీసుకెళ్ళే నీళ్ళ సీసా. ఆ సీసా చూసి అసిస్టెంట్లు, "సార్, ఇంజనుకి చలెయ్యదేటి? దానికీ ఒక స్వెట్టరల్లించండి" అనేవారట. మావయ్య ఆ మాట ఇంటికొచ్చి చెప్తే, అత్త నవ్వకుండా, "కొలతలు పట్టుకురా, చూద్దాం" అందట.

సాయంత్రం నాలుగింటికి కాలనీ ఆడవాళ్ళు వచ్చేవారు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఛత్తీస్‌గఢీలు, అందరూ చాప మీద గుండ్రంగా కూర్చునేవారు. ఎవరికీ సంగీతం రాదు. కానీ అత్త కుట్లను ఒకటి రెండు మూడని లెక్కపెట్టనిచ్చేది కాదు. ఆది తాళంలో స్వరాలు పాడేది. దెబ్బకో కుట్టు. వెనక వాళ్ళూ పాడాలి. "చెయ్యి పాట వెనకాల నడవాల. పాటని చేతి వెనకాల ఈడ్చకండి" అనేది. ఎనిమిది దెబ్బలకి ఒక ఆవర్తనం, మూడు ఆవర్తనాలకి ఒక ఊపిరి. ఊపిరి పీల్చినచోట కుట్టు వెయ్యకుండా ఒక గొలుసు ముడి వేసి, కింది వరుసలోని కుట్టు ఒకటి వదిలెయ్యాలి. అక్కడ చిన్న చిల్లు పడేది. తరవాతి వరుసలోనూ అదేచోట ఊపిరి, అదేచోట చిల్లు. అలా చిల్లులన్నీ ఒకదాని కింద ఒకటి దారం కట్టి కొలిచినట్టు నిలువుగా దిగేవి. రాయ్‌పూర్‌లో ఏదో ప్రదర్శనలో ఆ డిజైన్‌కి పేరేమిటని అడిగారట. "దానికి పేరేటి, ఊపిరది" అని వచ్చేసింది అత్త.

అందరూ ఆమెతోనే పీల్చేవారు, ఆమెతోనే వదిలేవారు. అందుకే మా కాలనీలో ఏ ఇంటి టీవీ గుడ్డ తీసి చూసినా చిల్లు అక్కడే ఉండేది. పాటలు రానివాళ్ళు, తాళం తెలియనివాళ్ళు, ఒకరి భాష ఒకరికి సరిగా అర్థంకానివాళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళ ఊపిరి ఒక్కటే కొలతగా ఉండటం వింతైన సంగతని అప్పట్లో నాకు తోచలేదు. నాకు తోచిందల్లా వాళ్ళకిచ్చే మరమరాల ఉండల్లో నావంతు ఎప్పుడొస్తుందనే.

సామాను కట్టేటప్పుడు అల్లికలన్నీ ఒక్కచోటికి చేరాయి. అవి ఎప్పుడెప్పటివో మావయ్యకి తెలుసు. చెప్తూ నేలమీద వరసగా పరిచాడు. మామూలుగా చూస్తే తెల్లగుడ్డలే. కొలిచే అలవాటున్నవాణ్ణి కాబట్టి నా కళ్ళు చిల్లుల మీదికి వెళ్ళాయి. ఫ్రిజ్ గుడ్డ అన్నిటికన్నా పాతది. దాని మీద చిల్లుకీ చిల్లుకీ మధ్య ఇరవై నాలుగు కుట్లు. దివాన్ మీది గుడ్డలో పదహారు. టీవీ గుడ్డలో ఎనిమిది. అత్తకి ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టరు చెప్పింది టీవీ గుడ్డ తరవాత చాలా రోజులకి. ఆ మధ్యలో ఒకసారి మావయ్య, "ఏటే, ఈమధ్య చిల్లులెక్కువైనాయి?" అని అడిగాడట. "కొత్త డిజైన్. గాలి బాగా ఆడతాది" అందట. చాప మీద కూర్చున్నవాళ్ళంతా కొత్త డిజైన్ చాలా బావుందన్నారు, నేర్చుకున్నారు కూడా.

గుమ్మం తెర పైభాగంలో ఎనిమిది. కిందికి వస్తూ వస్తూ ఆరయింది. ఎనిమిదిలో ఆగితే కనీసం ఆవర్తనం పూర్తవుతుంది. ఆరులో ఆగడమంటే తాళం మధ్యలో తెగిపోవడం. శిష్యురాలెవరైనా అలా తెంపితే సూది వెనకవైపుతో మోకాలి మీద కొట్టేది అత్త.

మావయ్య అడిగింది ఒక్కటే. మిగిలిన సగం తెర పాత డిజైన్‌లో అల్లాలి. "దాని ఊపిరి నిండుగున్నప్పటిలాగ" అన్నాడు దీదీతో. "ఇలాటిది గుమ్మానికెట్టి నాను రోజూ దాని కిందనుంచి ఎలాగెళ్ళను?" అన్నాడు నాతో.

దీదీ చిక్కు దీదీకుంది. ఆమె చివరి రెండేళ్ళలో వచ్చిన మనిషి. బెల్తరా అనే పల్లెలో పుట్టి, పెళ్ళయి తోర్వాకి వచ్చింది. తెలుగంతా అత్త దగ్గర నేర్చినదే, అందుకే 'ఏటి' అని కూడా అత్తలాగే అంటుంది. "బాబూజీ, నాకు అమ్మాజీ చిన్న ఊపిరే తెలుసు. పెద్దది నేను విననే లేదు. ఎలా చెయ్యాల, ఏటి?" అంది. ఆ 'ఏటి' అన్న మాటకి మావయ్య తల ఒక్కసారి వంటింటివైపు తిరిగింది. మళ్ళీ తిప్పుకున్నాడు. నేనూ చూశాను వంటింటివైపు.

"ఇదుంది కదా" అని ఫ్రిజ్ గుడ్డ ఇచ్చాను. దీదీ చాప లేని నేలమీదే కూర్చుని గుడ్డ ఒళ్ళో పరుచుకుంది. మొదటి చిల్లు మీద వేలుపెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి, స్వరాలు మొదలుపెట్టింది. కుట్టుకో స్వరం, వేలు ఒక్కో కుట్టూ దాటుతోంది. ఆరో కుట్టు దగ్గర ఆగిపోయింది. ఆయాసం లేదు, దగ్గు లేదు. ఉత్తినే ఆగిపోయింది. "అరే" అని నవ్వి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆరు. రోజూ స్కూటీ మీద పిల్లల్ని బడికి దింపి, బిందెలతో నీళ్ళు మోసే గట్టిమనిషి ఆమె. మూడోసారి కళ్ళు మూసుకుంది. ఆరు దాటింది. ఎనిమిది దాటింది. పదహారు దగ్గర గొంతు సన్నబడింది, కానీ తెగలేదు. ఇరవై తరవాత వినిపించినది ఆమె గొంతులా లేదు. పైస్థాయిలో కాస్త ముక్కుతో పలికే ఆ జీర నాకు తెలుసు. పందిరి కింద, నాన్న ఒళ్ళో నిద్రపోతూ విన్నాను దాన్ని. వేలు రెండో చిల్లులో పడింది. దీదీ ఊపిరి పీల్చింది. దుప్పటిలో చుట్టిన తంబూరా తీగ ఒకటి మోగినట్టనిపించింది. యార్డులో గూడ్సు కదిలి ఉంటుంది, ఆ అదురుకి మా క్వార్టర్లలో గిన్నెలు కూడా మోగుతాయి.

మావయ్య తాడుముక్క పట్టుకుని నిలబడే ఉన్నాడు. "అలాగే. అచ్చం అలాగే" అన్నాడు. అత్త పోయినరోజు కూడా ఏడవని మనిషి, పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

దీదీ తెరనీ, సూదినీ, చూసుకోవడానికి ఫ్రిజ్ గుడ్డనీ తోర్వాకి తీసుకెళ్ళింది. గృహప్రవేశానికి ముందురోజు తిఫ్రా ఇంటికే తెచ్చింది. గుమ్మానికి నేనే బిగించాను. బారుగా, తెల్లగా, మడత లేకుండా దిగింది. ఎక్కడ అత్త చెయ్యి ఆగిందో, ఎక్కడ దీదీ చెయ్యి మొదలైందో తెలియలేదు. తెలియాల్సింది కదా అని అప్పుడు దగ్గరికి వెళ్ళి చూశాను. దీదీ నన్నే చూస్తోంది.

"గుడ్డ ముందు పెట్టుకునే అల్లాను భయ్యా. రోజూ పాడాను. పాటలో పెద్ద ఊపిరే వస్తది. దారం పట్టుకుంటే రాదు. ఆరు కుట్లకి చెయ్యి తనే ఆగుతది." గొంతు తగ్గించి అడిగింది: "విప్పీమంటారా, ఏటి?"

మావయ్య అప్పటికే వెనక నిలబడి ఉన్నాడు. తెర అంచు అరచేతిలోకి తీసుకుని, ఒక్కో చిల్లూ బొటనవేలితో తడుముతూ చివరిదాకా వెళ్ళాడు.

"వద్దమ్మా, ఉండనీ" అన్నాడు. "వచ్చీసింది కదా, ఇంటికి."

గృహప్రవేశమై ఇప్పటికి ఏడాది కావస్తోంది. దీదీ ఆ ఇంటి ముందుగదిలోనే క్లాసు నడుపుతోంది. సిర్‌గిట్టి వైపునుంచి వచ్చే కొత్త అమ్మాయిలు, అత్తని ఎప్పుడూ చూడనివాళ్ళు, తెలుగు ముక్క రానివాళ్ళు, చాప మీద గుండ్రంగా కూర్చుని స్వరాలు పాడుతూ అల్లుతున్నారు. పోయిన ఆదివారం మావయ్యని చూడ్డానికి వెళ్ళినప్పుడు, అందరిలోకీ చిన్నపిల్ల తన మొదటి గుడ్డ తెచ్చి నాకు చూపించింది. కాలం ముందుకే నడుస్తుందని, పోయినవాళ్ళ ఊపిరి తిరిగిరాదని చదువుకున్నవాణ్ణి, అయినా లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

చిల్లుకీ చిల్లుకీ మధ్య ఆరు కుట్లు.