స్వరూప శ్రీమంతం రోజు నేను ఎక్కడున్నాను?

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచి సరదా. మెడిసిన్‌లో చేరాక అది ఇంకా ముదిరింది. మొదటి సంవత్సరమంతా శవాల పక్కన నిలబడి నరాల పేర్లు బట్టీ పట్టినదాన్ని. అక్కడ నాకు భయం కన్నా ఆకలి ఎక్కువ వేసేది. అలాంటి మనిషి రాస్తున్నదని తెలిసి ఇది చదవండి.

స్వరూప, నేను మిర్యాలగూడలో ఒకే వీధిలో పెరిగాం. పదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ పోయింది. వాళ్ళ నాన్న రైస్ మిల్లులో హమాలీ. నేను సూర్యాపేటలో మెడిసిన్‌లో చేరిన ఏడాదే దానికి కోదాడ సంబంధం కుదిరింది.

మెడిసిన్ సీటు వచ్చినప్పటి నుంచి నేను మనుషుల్లోంచి మాయమైపోయాను. స్వరూప పెళ్ళి రోజు ఫిజియాలజీ పరీక్ష. మా అక్క కొడుకు అన్నప్రాసన రోజు వైవా. ఎవరు ఫోన్ చేసినా "పరీక్షలు అయినంక వస్త" అనేదాన్ని. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి తయారు. కొన్నాళ్ళకు చుట్టాలు పిలవడం కూడా మానేశారు. స్వరూప ఒక్కతే మానలేదు.

నేను రెండో సంవత్సరంలో ఉండగా దానికి తొమ్మిదో నెల వచ్చింది. అత్తగారింట్లోనే శ్రీమంతం పెట్టుకున్నారు. పుట్టింటి తరఫున మొదటి గాజులు తొడగడానికి దానికి ఆడదిక్కు లేదు.

"అమ్మ ఉంటే నిన్నెందుకు బతిమిలాడుత? నువ్వే తొడగాలె. వస్తవా, రావా?" అని ఫోన్‌లో నిలదీసింది.

"పక్కా వస్తనే" అన్నాను. రెండు డజన్ల మట్టిగాజులు కూడా కొని పెట్టుకున్నాను.

సరిగ్గా ముందు రోజు పిడుగులాంటి వార్త. వాయిదా పడిన ఫార్మకాలజీ ఇంటర్నల్ పరీక్ష మర్నాడు ఉదయమేనట. అప్పటికే ఒక ఇంటర్నల్‌లో తప్పాను. ఇదీ పోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. రాలేనని చెప్పడానికి ఫోన్ తీశాను. అది ఏడుస్తుందని మళ్ళీ పెట్టేశాను. రాసి వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. ఆ పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా పరీక్ష హాల్లో ఉన్నాను. హాజరు కాగితం మీద నా సంతకం ఉంది. అదనపు పేపర్ అడిగితే మేడం విసుక్కోవడం నా వెనక కూర్చున్న అమ్మాయికి ఇంకా గుర్తే. ఫోన్ హాస్టల్ గదిలో ఆఫ్ చేసి ఉంది. గాజుల పెట్టె విప్పకుండా నా అల్మారాలోనే ఉంది.

సాయంత్రం తిట్లకు సిద్ధపడి ఫోన్ ఆన్ చేశాను. కాసేపటికే స్వరూప భర్త చేశాడు.

"డాక్టరమ్మా, నువ్వు చెప్పినట్టే బీపీ బాగా ఎక్కువుందంట. వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి ఇద్దరూ దక్కేవాళ్ళు కాదన్నారు" అంటూ ఏడ్చేశాడు.

నేను ఎప్పుడు, ఏం చెప్పానో నాకే అర్థం కాలేదు. "మంచిది బావా" అని మాత్రం అన్నాను.

మర్నాడు కోదాడ వెళ్ళాను. ఆసుపత్రి వరండాలో స్వరూప అత్తగారు నా చేతులు పట్టుకుని జరిగిందంతా చెప్పింది. పదకొండు దాటాక నేను వచ్చానట. పళ్ళెంలోంచి గాజులు తీసి తొడిగానట. తర్వాత స్వరూప వాచిన పాదం మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట చూశానట. తలనొప్పి ఉందా, కళ్ళ ముందు మెరుపులు వస్తున్నాయా అని అడిగానట. రెండూ ఉన్నాయి, వేడుక పాడవుతుందని స్వరూపే ఎవరికీ చెప్పలేదు.

"ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళమని అరిచావుగా అమ్మా. ఆ హడావిడిలో నువ్వెటు పోయావో చూసుకోలేదు. అన్నం కూడా తినకుండా పోయావు" అని ఆమె బాధపడింది.

ఆ ప్రశ్నలు అడగాలని అప్పటికి నాకు తెలియదు. ప్రసూతి పాఠాలు ఇంకా రెండేళ్ళ దూరంలో ఉన్నాయి. ఫైనల్ ఇయర్‌లో గర్భిణులకు వచ్చే బీపీ గురించిన పేజీ చదివినప్పుడు, అవే ప్రశ్నలు కనబడి పుస్తకం మూసేశాను.

శ్రీమంతం ఫొటోలన్నీ చూశాను. దేంట్లోనూ నేను లేను. ఒకదాంట్లో స్వరూప చెయ్యి చాపి కూర్చుంది. దాని ముందు ఎవరూ లేరు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మాత్రం అటే చూస్తూ నవ్వుతున్నారు.

మూడు నెలలు నోరు మెదపలేదు. ఆ ఇంట్లో అందరూ నన్ను దేవతలా చూస్తుంటే లోపల కుమిలిపోయేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం, పాపను నిద్రపుచ్చుతున్న స్వరూపకు అంతా చెప్పేశాను. నేను రాలేదని, రానని చెప్పే ధైర్యం కూడా చేయలేదని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. అది పాప మీద దుప్పటి సర్ది నా వైపు తిరిగింది.

"ఎవరొచ్చినా నీ మొఖంతోనే వచ్చిండ్రు గదనే. నేను ఎవరి కోసం వాకిలి దిక్కు సూస్తున్ననో వాళ్ళకు ఎరుకే" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. అదే నన్ను ఓదార్చింది.

వచ్చింది వాళ్ళమ్మే అని దాని నమ్మకమేమో, నేను అడగలేదు. ఇంతమందీ ఒకేసారి భ్రమపడ్డారని సర్దిచెప్పుకుందామంటే, అప్పటికి నాకే తెలియని ఆ ప్రశ్నలు అడ్డమొస్తాయి. ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదు, ఇక దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. ఇప్పుడు స్వరూప పిలిస్తే, రాలేని రోజున రాలేనని ముందే చెబుతున్నాను. మిగతా రోజుల్లో నేనే వెళుతున్నాను. మళ్ళీ ఆ వాకిట్లోకి నా బదులు ఎవరూ వెళ్ళాల్సిన అవసరం రానివ్వను.