నాన్న మీద కప్పని జెండా

జర్మనీలో ఒక వామపక్ష నాయకురాలు యుద్ధానికి ఆయుధాలు పంపొద్దని పార్లమెంటులో వాదించి, చివరికి ఏళ్లతరబడి పనిచేసిన పార్టీనే వదిలేసింది. రేపల్లెలో నాన్నకు ఆ వార్త చదివి వినిపించింది నేనే.

"పార్టీ లేకపోతే, పోయాక ఒంటిమీద ఎర్రజెండా ఎవరు కప్పుతారమ్మా?" అన్నాడు.

"అనుకున్నది చెప్పనివ్వని జెండా ఎందుకు నాన్నా?" అన్నాను.

మరుసటి ఏడాది కౌలురైతుల విషయంలో గొడవపడి నాన్న కూడా తన పార్టీకి రాజీనామా చేశాడు. మొన్న పోయాడు. తెనాలి నుంచి పాత సహచరులు వచ్చి దండలేశారు. నా పాపను చంకనేసుకుని ఒకాయన్ని అడిగాను.

"బాబాయ్, జెండా?"

"సభ్యత్వం లేదు గదమ్మా," అన్నాడాయన తల దించుకుని.

ఆ జర్మనీ ఆవిడ వెంట మరికొందరు పార్టీ నుంచి బయటికి వచ్చారు. నాన్న వెంట ఎవరూ రాలేదు. జెండా ఎందుకన్నప్పుడు ఆ తేడా నాకు తోచలేదు. పాపకిప్పుడు మాటలొస్తున్నాయి. రేపు అది ఏదైనా అడిగితే, నాన్నకు చెప్పినంత ధైర్యంగా జవాబు చెప్పాలంటే భయంగా ఉంది.