పోయిందనుకున్న ఎంట్రన్స్ పుస్తకం

నా చిన్నప్పుడు అంటే బడి రోజులు కావు, నరసరావుపేటలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివిన రోజులు. అరవై దాటిన నాకు ఆ పంతొమ్మిదేళ్లు చిన్నతనమే. ఎనభైల నాటి మాట. శావల్యాపురం నుంచి రోజూ పాసింజరు బండిలో కాలేజీకి వెళ్లేదాన్ని. ఎమ్మెస్సీ సీటు తప్ప వేరే ధ్యాస లేదు. సత్తెనపల్లిలో ఉండే సీనియర్ అక్క దగ్గర ఎంట్రన్స్ పుస్తకం అడిగి తెచ్చుకుని బండిలో, క్లాసులో, చివరికి కెమిస్ట్రీ లాబ్‌లో కూడా అదే చదివేదాన్ని. దాంతో లాబ్ రికార్డులో పదకొండు ప్రయోగాలు రాయకుండా మిగిలిపోయాయి. రికార్డు పూర్తి చేయనివాళ్లను ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వనని మా లెక్చరర్ రెండుసార్లు హెచ్చరించారు. అయినా చెయ్యి ఆ పుస్తకం మీదికే పోయేది.

ప్రాక్టికల్స్ ఇంకో మూడు వారాలున్నాయనగా, లాబ్ బల్ల మీద పెట్టిన ఆ పుస్తకం మాయమైంది. గదంతా వెతికాను. బండిలో మర్చిపోయానేమోనని స్టేషన్‌లోనూ అడిగాను. అక్కకు ఏమని చెప్పాలి? లాబ్ అటెండర్‌ను మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఆయన్ని అడిగితే, "ఎతుకుదాంలేమ్మా. ఈలోపు ఆ రికార్డు కానీయ్," అన్నాడు.

వేరే దారి లేక రాయడం మొదలుపెట్టాను. అన్నం సహించేది కాదు. మిగిలిన ప్రయోగాలు చేస్తుంటే బాబాయ్ సీసాలు అందించేవాడు. పదహారో రోజున లెక్చరర్ చివరి పేజీ మీద సంతకం పెట్టారు.

ఆయన అటు వెళ్లగానే బాబాయ్ ఆసిడ్ సీసాల బీరువా తెరిచి, న్యూస్ పేపర్లో చుట్టిన నా పుస్తకం తీసి ఇచ్చాడు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఏంది బాబాయ్ ఇది! పోయిందనుకుని ఎంత ఏడిచానో తెలుసా?"

"చూస్తానే ఉన్నానమ్మా. చానాసార్లు ఇచ్చేద్దామనుకున్నా. రికార్డు లేకపోతే ప్రాక్టికల్స్ లేవు, అయి లేకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకుండా ఏ యూనివర్సిటీవాళ్లు నిన్ను గేటు దాటనిస్తారు?"

ఆ రోజు పుస్తకం సంచిలో కుక్కుకుని, కోపంగానే బండెక్కాను. దారిలో పుస్తకం తెరిస్తే, ఆ ప్రయోగాలన్నీ చేసి రాసినందుకేమో, అంతకు ముందు అంతుపట్టని లెక్కలు కొన్ని తేలిగ్గా అందాయి. డిగ్రీ గట్టెక్కింది. ఎమ్మెస్సీ సీటు మొదటి జాబితాలో రాలేదు, ఆశ వదులుకున్నాక రెండో జాబితాలో వచ్చింది.

నన్నలా ఏడిపించడం న్యాయమేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ రెండు పనులు ఒకేసారి మీద పడి కంగారు పెట్టినప్పుడు, ఏది గొప్పదని ఆలోచించను. ఏ గడువు ముందు ముగుస్తుందో చూసి, ఆ పని ముందు పెట్టుకుని కూర్చుంటాను.